మైకు పట్టుకున్న పెళ్ళికొడుకు

ఈ మధ్యనే ఖాకీ తొడుక్కున్న తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఒక మాట. పోలీసు శాఖలో నేను చేసిన ఘనకార్యాల గురించి మీరు విన్నవన్నీ నేను చెప్పినవే. కాబట్టి వాటిలో సగం తీసెయ్యండి. మిగిలిన సగంలో సగం మా ఆవిడ తీసేస్తుంది. అలా తీసేయగా తీసేయగా మిగిలేది ఒకే ఒక్క కేసు. అది మాత్రం నిఖార్సయిన నిజం. ఎందుకంటే అందులో ఘనకార్యం నాది కాదు, తప్పు ఒక్కటే నాది.

అప్పట్లో నేను కోట అనే ఊరు దాటి సముద్రం వైపు పోయే దారిలో ఒక స్టేషన్‌లో హెడ్‌ కానిస్టేబుల్‌ని. చుట్టూ రొయ్యల గుంటలు. రొయ్యలకు గాలి అందించడానికి గుంటల్లో తిరిగే చక్రాల హోరుకు ఫిర్యాదు చేసేవాళ్ళు అరిచి చెప్పేవాళ్ళు, మేము అరిచి వినేవాళ్ళం. మా స్టేషన్‌లో రహస్యంగా నమోదైన ఫిర్యాదు ఒక్కటి కూడా లేదు. యాభై రెండో ఏట మోకాళ్ళు రెండూ కూడబలుక్కుని సమ్మె కట్టడంతో స్వచ్ఛందంగా బయటికి వచ్చేశాను. కాగితం మీద అది పదవీ విరమణ. నిజానికి మోకాలి విరమణ.

ఈ కథకు కావలసిన మా స్టేషన్‌వాళ్ళు ముగ్గురే. ఎస్సైగారు నాకన్నా ఇరవై ఏళ్ళు చిన్న. నవ్వాలంటే పైనుంచి ఉత్తర్వులు రావాలన్నట్టు ఉండేవారు. రెండో మనిషి ఒక మహిళా కానిస్టేబుల్. ముప్పై నాలుగేళ్ళు, పెళ్ళి కాలేదు, మా చర్చి సంఘం అమ్మాయే. ఆదివారం గుడిలో నా వెనక వరసలో కూర్చుని, ప్రసంగం మధ్యలో నేను కునికితే పెన్నుతో పొడిచేది. మూడో మనిషి జీపు డ్రైవరు. ముప్పై ఆరేళ్ళవాడు. జీపుతో మాట్లాడేవాడు గానీ మనుషులతో మాట్లాడేవాడు కాదు. ఆ అమ్మాయి జీపెక్కిన రోజు మా రోడ్డు మీది గుంతలన్నీ ఎక్కడికో వెళ్ళిపోయేవి. నేనెక్కిన రోజు కుటుంబాలతో సహా తిరిగి వచ్చేవి. దీన్నిబట్టి సంగతి మీకు అర్థమైపోయింది. ఆ అమ్మాయికి మాత్రం రెండేళ్ళుగా అర్థం కాలేదు. మనుషుల్ని చదవడంలో అంత గట్టి పోలీసు.

ఫైళ్ళు చదవడంలో మాత్రం ఆమెకు సాటి లేరు. ఇక్కడ కాసేపు నేను దేన్నీ పెంచి చెప్పను. ఏడాదిన్నర వ్యవధిలో మూడు చోట్ల ముగ్గురు ఆడవాళ్ళు నీళ్ళలో శవాలై తేలారు. కావలి వైపు ఒక నర్సు, నాయుడుపేట వైపు ఒక టీచరు, మా పరిధిలో కుట్టుమిషను నేర్పే ఒక అక్క. మొదట అందరూ ప్రమాదమే అనుకున్నారు. మూడోది మా ఫైలు కాబట్టి ఈ అమ్మాయి చేతికి వచ్చింది. ఆమె సెలవు పెట్టుకుని మిగతా రెండు ఇళ్ళకూ వెళ్ళి చాపమీద కూర్చుని మాట్లాడింది. తిరిగి వచ్చి ఎస్సైగారి బల్ల మీద ఒక క్రైస్తవ మాసపత్రిక పాత సంచికలు మూడు పరిచింది. మూడింటిలోనూ వధువుల పేజీ. ముగ్గురూ అందులో ప్రకటన ఇచ్చినవాళ్ళే.

"సార్, ముగ్గురికీ ఒంటిమీద బంగారం లేదు. ముగ్గురూ పోయే ముందు నెలరోజులు సాయంత్రం ఐదింటికి ఫోను చెవిన పెట్టుకుని మిద్దె మీదికి పోయి ప్రార్థన చేసుకునేవాళ్ళంట. ఎవరితో అని అడిగితే నవ్వేసేవాళ్ళంట. ఆ ఫోను అవతలి మనిషిని ఒక్కరూ చూళ్ళేదు సార్. ఫొటో గూడా లేదు."

ఎస్సైగారు సంచికలు మూసి, మా ఫైలు మీద 'ప్రమాదం' అన్న మాట కొట్టేశారు. 

ఆ తర్వాత వారం అదే పత్రికకు నాలుగో ప్రకటన వెళ్ళింది. ఆలోచన ఆ అమ్మాయిదే. 'ప్రభుత్వ ఉద్యోగం చేయుచున్న, రక్షణానుభవం కలిగిన వధువునకు' అని ఆమె రాసింది. రక్షణానుభవం అంటే మా మాటల్లో మారుమనసు పొందడం, పోలీసు రక్షణ కాదు. పోలీసు అని చెప్పకూడదు కాబట్టి పశువైద్యశాలలో గుమాస్తా అన్నాం. 'ఇంటిపనులలో నేర్పరి' అన్నది నేను చేర్చాను. ఒకసారి స్టేషన్‌లో ఆమె టీ పెడితే ముద్దాయి కూడా నేరం ఒప్పుకుంటాను గానీ అది వద్దన్నాడు. అయినా ప్రకటన అన్నాక కాస్త ఉప్పూ కారం ఉండాలి కదా.

పత్రిక వచ్చిన రోజునుంచి ప్రకటనలో ఇచ్చిన ఫోను మోగడం ఆగలేదు. నెల్లూరు జిల్లాలో పెళ్ళికాని క్రైస్తవ మగవాళ్ళు ఇంతమంది ఉన్నారని జనాభా లెక్కలవాళ్ళకు కూడా తెలియదు. ఒకాయన నలుగురు పిల్లల తండ్రి. ఒకాయన పాట ఏ శ్రుతిలో పాడుతుందని అడిగాడు. ఒకాయన తనకు డెబ్భై దాటాయనీ, అయితే ఆత్మలో మాత్రం పాతికేననీ చెప్పాడు. పిలిచినవాళ్ళ వివరాలు రాసే పని డ్రైవరుకు పడింది. ఆ నోటుపుస్తకంలో 'అభిప్రాయం' అనే గడి ఒకటి ఉంది. ఆ గడిని అతను నింపిన తీరు చూస్తే మీరు ముచ్చటపడతారు. 'వయసు మించినది.' 'మాట పొగరు.' 'దగ్గుచున్నాడు, క్షయ కావచ్చు.' 'పళ్ళు ఎత్తు.'

"ఏమబ్బయా, ఫోన్లో పళ్ళు ఎట్టా కనపడినాయి నీకు?" అన్నాను.

"గొంతునిబట్టి తెలస్తాదిలే అన్నా," అన్నాడు తలెత్తకుండా.

పదకొండో రోజు సాయంత్రం ఐదింటికి ఒక పిలుపు వచ్చింది. ఆ రోజు గడిలో డ్రైవరు చిన్న అక్షరాలతో ఇలా రాశాడు: 'గొంతు బాగున్నది. మర్యాదస్తుడు.' ఒక పేజీ నిండా అందరినీ ఏకిపారేసినవాడు భయపడింది ఆ ఒక్కడికే. వాడే మా వాడు.

వాడు ఏమీ అడగలేదు. రోజూ ఐదింటికి పిలిచి, ఐదు నిమిషాలు ప్రార్థన చేసి పెట్టేసేవాడు. ఒకరోజు పిలుపు కావలి నుంచి, మరో రోజు నాయుడుపేట నుంచి. ప్రతిసారీ కొత్త నంబరు, ఎప్పుడో చచ్చిపోయిన ఎవరెవరి పేర్ల మీదో తీసిన సిమ్ము. ప్రతిసారీ చివర ఒకే మాట. "మన సంగతి దేవుని సన్నిధిలో ఉంది తల్లీ. మనుషుల నోట్లో పెట్టొద్దు. మీ ఇంట్లోవాళ్ళకు కూడా ఇప్పుడే వద్దు." ఆ మాట చాలా మెత్తగా అనేవాడు. రికార్డు విన్నప్పుడల్లా నా చేతులమీద వెంట్రుకలు లేచి నిలబడి సెల్యూట్ కొట్టేవి.

పిలవడం మొదలుపెట్టిన ఇరవయ్యో రోజు ముహూర్తం పెట్టాడు. శనివారం సాయంత్రం ఐదింటికి, ఉప్పు కాలువ సముద్రంలో కలిసే చోట, సరుగుడు తోపు దగ్గర. మన క్రైస్తవుల ప్రధానంలో, అంటే నిశ్చితార్థంలో, వధూవరులు బైబిళ్ళు మార్చుకుంటారు కదా. దేవుణ్ణి సాక్షిగా పెట్టుకుని ముందు మనిద్దరమే మార్చుకుందాం, తర్వాత పెద్దలకు చెబుదాం అన్నాడు. ప్రధానానికి వచ్చినట్టు తయారై రమ్మన్నాడు. అంటే నగలు పెట్టుకుని.

వల సిద్ధమైంది. ఆ అమ్మాయి గిల్టు నగలతో ఒడ్డున బోర్లించిన పాత పడవ మీద కూర్చుంటుంది. డ్రైవరు లుంగీ కట్టుకుని ఇరవై అడుగుల దూరంలో వల బాగుచేస్తుంటాడు. నేను గట్టు మీద తాటిముంజలు అమ్ముతుంటాను. ఎస్సైగారు ఇద్దరు కానిస్టేబుళ్ళతో తోపు అవతల గుడిసెలో ఉంటారు. వాడి ముఖం ఎవరికీ తెలియదు కాబట్టి గొంతును గుర్తుపట్టాల్సింది ఆ అమ్మాయే. గుర్తుపట్టగానే పక్కనున్న నల్ల గొడుగు విప్పుతుంది. అదే సైగ. సంగతి మా స్టేషన్ దాటకూడదు. ఆమె తల్లికి ఒక్కదానికి చెప్పడానికి ఎస్సైగారు ఒప్పుకున్నారు.

ఆ తల్లి గురువారం మా స్టేషన్ గేటు దగ్గరికి వచ్చింది. ఏడవలేదు. నా చెయ్యి పట్టుకుంది.

"అన్నా, నాకుండేది ఇదొక్కతే. పోలీసోళ్ళ పని పోలీసోళ్ళు చేయాల, కాదనను. శనివారం పొద్దుగూకే లోపల దాన్ని ఇంటికి తెచ్చి నా ముందర నిలబెట్టు. అంతే."

"నిలబెడతానక్కా," అన్నాను. జీవితంలో నేను పెంచి చెప్పని మాటల్లో అదొకటి.

ఇప్పుడు నా తప్పు దగ్గరికి వద్దాం. కన్నతల్లి గుండెలో దాచుకున్న రహస్యాన్ని ఖాకీ తొడుక్కున్న నేను ఒక్క పూట దాచలేకపోయాను. ముంజలు కొట్టడం చేతకాక శుక్రవారం ఇంటికి అర గెల తెచ్చి పెరట్లో సాధన చేస్తున్నాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూసింది.

"ఏంది ఈ కొత్త వేషం? ఉజ్జోగం ఊడబీకినారా?"

"గమ్మునుండు మే. సర్కారు రహస్యం."

ఆమె ఇంకేమీ అనలేదు. లోపలికి వెళ్ళి చేపల పులుసు వేడిచేసి వడ్డించింది. పులుసులో మామిడికాయ ముక్క వేసినప్పుడే నేను జాగ్రత్తపడాల్సింది. మొదటి ముద్దకు ఊరు చెప్పాను, రెండో ముద్దకు పేరు చెప్పాను, మజ్జిగ దగ్గరికి వచ్చేసరికి గొడుగు రంగుతో సహా చెప్పేశాను. మూడు హత్యలు నా నోట్లో తొమ్మిదయ్యాయి. హంతకుడు ఆరున్నర అడుగులయ్యాడు.

"ప్రార్థన చెయ్యి చాలు. ఎవురికీ చెప్పబాక," అన్నాను చెయ్యి కడుక్కుంటూ.

మా సంఘం సంగతి తెలియనివాళ్ళకు ఒక ముక్క. మాలో ఎవరూ ఎవరి గురించీ చాడీలు చెప్పుకోరు. ప్రార్థన విన్నపాలు చెప్పుకుంటారు. ఫలానా వాళ్ళ కోడలు అలిగి పుట్టింటికి పోయిందని చెబితే అది పాపం. అలిగి పోయిన కోడలి కోసం ప్రార్థించండి అంటే అది పరిచర్య. స్త్రీల ప్రార్థన కూడిక వాట్సాప్ గ్రూపులో ఆ రాత్రే మా ఆవిడ వాయిస్ మెసేజీ పెట్టింది. చోటు, సమయం, పడవ, ముంజలు, తొమ్మిది హత్యలు అన్నీ చెప్పి, చివర్న 'సిస్టర్లూ, ఇది చాలా గోప్యమైన సంగతి, గోప్యంగా ప్రార్థించండి' అన్నది. తెల్లారేసరికి ఏడు సంఘాలు గోప్యంగా ప్రార్థిస్తున్నాయి.

శనివారం నాలుగున్నర. ఎండ ఎలా ఉందంటే సముద్రం కూడా అలల్ని ఒడ్డుదాకా పంపి, కాళ్ళు కాలి వెనక్కి లాక్కుంటోంది. ఆ అమ్మాయి పడవ మీద, ఒళ్ళో బైబిలుతో. డ్రైవరు వలను బాగుచేస్తున్నాడో చింపుతున్నాడో తెలియదు గానీ చూపు మాత్రం వల మీద లేదు. నేను మూడు ముంజలు కొట్టి రెండు వేళ్ళు కోసుకున్నాను. చెవిలో ఇయర్‌ఫోను, అందులో ఎస్సైగారి ఊపిరి.

అప్పుడు సరుగుడు తోపు దారిలో మూడు షేర్ ఆటోలు వచ్చి ఆగాయి. వాటిలోంచి తెల్లచీరలు దిగడం మొదలైంది. దిగుతూనే ఉన్నారు. ఒక ఆటోలో అంతమంది పడతారని ఆటో తయారు చేసినవాళ్ళకు కూడా తెలిసి ఉండదు. నలభైమంది. చాపలు, నీళ్ళ క్యాను, పులిహోర డబ్బా, మైకు పెట్టె. అందరికంటే ముందు మా ఆవిడ.

"హెడ్డు గారూ," అన్నారు ఎస్సైగారు చెవిలో, ఒక్కో అక్షరం విడివిడిగా. "ఆ కూడిక ఎవరిది?"

"సార్... మా ఇంటామెది సార్."

ఆ తర్వాత ఎస్సైగారు అన్నది అచ్చు వెయ్యలేను. నేను గంప వదిలి పరుగెత్తాను. నా పరుగు మీకు తెలుసు కదా, నా పొట్ట ముందు చేరుకుంటుంది, నేను తర్వాత వస్తాను.

"ఏందే ఇది? కొంప ముంచినావు గదే!"

"మేం నీ జోలికి రాలా, నీ కేసు జోలికి రాలా," అన్నది మా ఆవిడ చాప పరుస్తూ. "సముద్రం నీ అబ్బ సొత్తా? ఆ బిడ్డ కోసరం దగ్గిరుండి ప్రార్థన చేసుకుంటాం. నువ్వు పొయ్యి ముంజలు అమ్ముకో. గట్టిగా అరస్తావేంది, గోప్యం గదా!"

నాకు ఏడుపొచ్చింది. వాడు మనిషి కనపడని చోటు ఎంచుకున్నవాడు. నలభైమందిని చూస్తే తిరిగిపోతాడు, ఫోను విరిచేస్తాడు, ఇంకో ఊళ్ళో ఇంకో మిద్దె మీద ఇంకో ఆడమనిషి ఐదింటికి ప్రార్థన మొదలుపెడుతుంది. లేదా దూరం నుంచి చూసి ఇది వల అని తెలుసుకుని ఆ అమ్మాయిని గుర్తుపెట్టుకుంటాడు. పగ పడతాడు. ఆమె తల్లికి నేనిచ్చిన మాట అప్పుడు శనివారంతో తీరేది కాదు.

ఐదింటికి అయిదు నిమిషాలుండగా తోపులోంచి ఒక మోటారు సైకిలు వచ్చింది. నడివయసు మనిషి. తెల్లచొక్కా, నున్నగా దువ్విన తల, భుజానికి సంచి, చేతిలో అట్ట కూడా నలగని కొత్త బైబిలు. కూడికను చూసి బ్రేకు వేశాడు. బండి తిప్పబోయాడు. వెనక దారికి అడ్డంగా మూడు ఆటోలు, వాటి మధ్య పులిహోర పంచుకుంటున్న ఆటోవాళ్ళు. అంతలోనే మా సంఘంలో పెద్దామె ఒకావిడ, ఎనభై ఏళ్ళు, పళ్ళు లేవు గానీ పట్టు ఉంది, వాడి మణికట్టు పట్టేసుకుంది.

"వందనాలు అయ్యగారూ! మా పాస్టరయ్య ఊళ్ళో లేడు. వాక్యం చెప్పేవాళ్ళు లేరే అని ఇప్పుడే అనుకుంటా ఉండాము. దేవుడు పంపించినట్టు వచ్చినారు. రాండి రాండి!"

"కాదమ్మా, నేను ఊరికే..."

"ఊరికే ఏంది సామీ, చేతిలో బైబిలు పెట్టుకోని! ఒక్క మాట చెప్పి పోండి."

తెల్లచొక్కాతో, బైబిలుతో మా ఆడవాళ్ళ కూడిక పక్కనుంచి వెళ్ళి వాక్యం చెప్పకుండా బయటపడిన మగవాడు మా జిల్లాలో లేడు. ఒకసారి ఇలాగే ఒక పుస్తకాల ఏజెంటు చేత గంటన్నర చెప్పించారు. ఆడవాళ్ళను నమ్మించడానికి వాడు వేసుకున్న వేషమే వాణ్ణి నడిపించుకుంటూ తీసుకొచ్చి చాపల మధ్య నిలబెట్టింది. ఎవరో సంచి అందుకున్నారు. ఎవరో మైకు చేతిలో పెట్టారు.

నాకు అనుమానం రాలేదు. రాలేదని ఒప్పుకుంటున్నాను. మా ఎస్సైగారు నా చెవిలో నా ఉద్యోగ జీవితాన్ని మొదటినుంచి సమీక్షిస్తున్నారు. వచ్చినవాడు ఎవరో బోధకుడు, ఇక ఈ కూడిక రాత్రి దాకా తెమలదు అనుకుని తల పట్టుకున్నాను.

వాడు రెండు మాటలు చెప్పి తప్పించుకుందామనుకున్నాడు. గొంతు సవరించుకుని, "ప్రార్థన చేసుకుందాం తల్లీ," అన్నాడు.

మైకు ఆ మాటను సముద్రం మీదికి పంపింది. పడవ మీద ఆ అమ్మాయి వెన్ను నిటారుగా అయింది. ఇరవై సాయంత్రాలు తన చెవిలో మెత్తగా కూర్చున్న గొంతు. ఆమె పక్కనున్న నల్ల గొడుగు తీసి విప్పింది.

అయితే ఎండ మండిపోతోంది కదా. కూడికలో అప్పటికే పద్నాలుగు గొడుగులు విప్పి ఉన్నాయి. నల్లవే ఎక్కువ. గుడిసెలోంచి చూస్తున్న ఎస్సైగారికి పదిహేనోది కనపడలేదు. నాకు కనపడలేదు. మా పథకంలోని ప్రతి కన్నూ ఒక గొడుగు కోసం వెతుకుతూ గొడుగుల తోటలో తప్పిపోయింది. ఒక్క మనిషి మాత్రం గొడుగు కోసం చూడటం లేదు. రెండేళ్ళుగా చూస్తున్నట్టే ఆమె ముఖాన్ని చూస్తున్నాడు. వల కింద పడేసి లేచి నిలబడ్డాడు.

ఆ అమ్మాయి పడవ దిగి కూడిక వైపు నడిచింది. ఆమెను చూడగానే మా ఆవిడ గుండె కరిగింది.

"ఎండలో ఎంతసేపని కూర్చోనుంటావమ్మా, రా. ఇదిగో, అయ్యగారి సంచిలో జ్యూసు ఉండాది, కొంచెం గొంతు తడుపుకో."

పరిచర్య ఉత్సాహంలో వాడి సంచిలోంచి మామిడిరసం సీసా తీసి, మూత తిప్పి ఆ అమ్మాయి చేతికి అందించేసింది మా ఆవిడ. అప్పుడు నేను వాడి ముఖం చూశాను. కళ్ళు మూసుకుని ప్రార్థన చేయాల్సినవాడు కళ్ళు తెరిచి ఆ సీసాను చూస్తున్నాడు. మైకులో మాట ఆగిపోయింది.  ముగ్గురు ఆడవాళ్ళు ఆఖరిసారి ఏం తాగారో ఆ క్షణంలో తెలిసింది. నేను అరవాలనుకున్నాను. తమ్ముళ్ళూ, నలభై ఏళ్ళుగా అక్కర ఉన్నా లేకపోయినా వాగిన ఈ నోట్లోంచి అప్పుడు గాలి కూడా రాలేదు.

ఆ అమ్మాయి సీసా అందుకుంది. మూత జాగ్రత్తగా బిగించింది. కొంగులో చుట్టి పట్టుకుంది.

"ఇరవై దినాలు నా కోసం మీరే ప్రార్థన చేసినారు గదా," అన్నది వాడితో, మైకు కూడా వినేటట్టు. "ఇయ్యాల మీ కోసం నేను చేస్తా. మోకాళ్ళ మీద కూర్చోండి."

వాడు మైకు ఆమె ముఖం మీదికి విసిరి కాలువ వైపు ఉరికాడు. పది అడుగులు కూడా పోలేదు. జీపుతో తప్ప ఎవరితోనూ మాట్లాడని మనిషి వెనకనుంచి ఎగిరి నడుము పట్టుకుని ఇసకలో పడేశాడు. వాడు ప్యాంటు జేబులోని కత్తి తీసి డ్రైవరు మోచెయ్యి కోశాడు. డ్రైవరు వదల్లేదు. ఆ తర్వాత నేను చేరుకున్నాను. నా దగ్గర లాఠీ లేదు, తుపాకి లేదు, తొంభై రెండు కిలోల బరువు ఉంది. ఉన్నదంతా తీసుకెళ్ళి వాడి మీద కూర్చున్నాను. పెద్దామె మైకు దులిపి, ఇంకా ఆన్‌లోనే ఉందని చూసి, స్తోత్రగీతం ఎత్తుకుంది. నలభైమంది అందుకున్నారు. ఎస్సైగారు గుడిసెలోంచి పరుగెత్తుకొచ్చేసరికి మూడో చరణంలో ఉన్నారు.

ఆ అమ్మాయి నుదుటి మీద మైకు తగిలి బొప్పి కట్టింది. దాన్ని పట్టించుకోకుండా కొంగు చింపి డ్రైవరు మోచేతికి కడుతోంది.

"ఇంతమందిలో నేను సైగ చేసినట్టు నీకెట్టా తెలిసింది? గొడుగు కనపడిందా?"

"ఏ గొడుగు?" అన్నాడు డ్రైవరు.

ఆ అమ్మాయి కట్టుకట్టడం ఆపి అతని వైపు చూసింది. రెండేళ్ళ ఫైలు ఒక్కసారిగా చదివేసింది.

పొద్దుగూకక ముందే ఆమెను తీసుకెళ్ళి తల్లి ముందు నిలబెట్టాను. ఆ తల్లి బొప్పి చూసి నన్ను తిట్టిన తిట్లు నాకు వచ్చిన పతకాలన్నిటికంటే బరువైనవి. పతకాలు ఏవీ రాలేదు కాబట్టి ఈ లెక్క కచ్చితం.

సోమవారం ఎస్సైగారు తలుపు మూసి నన్ను నిలబెట్టారు. నివేదికలో 'స్థానికుల సహకారంతో' అని రాశానన్నారు. తర్వాత నెమ్మదిగా అన్నారు. "వాడు ఒక్క నిమిషం ముందు బండి తిప్పుకొని ఉంటే ఇంకో ఆడమనిషి పోయుండేది. మీకు తెలుసు గదా హెడ్డు గారూ?" తెలుసన్నాను. దానిమీద నేను ఏ జోకూ వేయలేదు, ఇప్పటికీ వేయలేను. మీకు చెప్పేదీ అదే. సర్కారు రహస్యం ఇంటికి మోసుకుపోకండి. మోసుకుపోతే పులుసు ముట్టుకోకండి.

ఆ వారంలోనే కావలి నుంచి ఆ చనిపోయిన నర్సు తల్లి స్టేషన్‌కు వచ్చింది. వాణ్ణి ఒకసారి చూడాలన్నది. అలా చూపించడానికి వీల్లేదని ఎస్సైగారు కుర్చీ వేసి కూర్చోబెట్టి చెప్పారు.

"కూరలో ఉప్పు ఎక్కువైనా నాకు ఫోన్ చేసి చెప్పేది నా బిడ్డ. ఈ ఒక్కటి చెప్పలా సార్. చెప్పబాకు అన్నాడంట గదా. ఏ తల్లికైనా అల్లుడి మొగం చూడాలని ఉండదా?" అన్నది. ఏడవకుండా, అడగాల్సిన చోట అడుగుతున్నట్టు అన్నది. ఆ అమ్మాయి ఆమెను బస్సు దాకా దింపి వచ్చింది. ఇద్దరూ బస్టాండులో చాలాసేపు మాట్లాడుకున్నారని టీ కొట్టువాడు చెప్పాడు.

మూడు నెలలకు ఆ అమ్మాయికీ డ్రైవరుకూ పెళ్ళి కుదిరింది. మా సంఘం పద్ధతి ప్రకారం పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు గుడిలో ఆ సంగతి చదవాలి. వధూవరులు ముందుకొచ్చి నిలబడాలి. ఎవరికైనా అభ్యంతరం ఉంటే లేచి చెప్పమని పాస్టరయ్యగారు అడగాలి. నా ఎరుకలో ఎవరూ లేచింది లేదు.

మూడో ఆదివారం అయ్యగారు అడిగారు. చివరి వరసలో ఒకావిడ లేచింది.  డ్రైవరు రంగు మారిపోయింది. వెనక్కి తిరిగి చూస్తే ఆ నర్సు తల్లి. తెల్లవారుజామున కావలిలో రైలెక్కి వచ్చిందట. పెళ్ళికూతురే పిలిచిందట.

"అభ్యంతరం ఏమీ లేదయ్యా," అన్నది. "పెళ్ళికొడుకును చూద్దామని వచ్చినా. ఒక్క నిమిషం."

ఆమె నడిచి ముందుకు వచ్చింది. ఐజీ తనిఖీకి వచ్చినప్పటంత నిటారుగా నిలబడ్డాడు డ్రైవరు. ఆమె అతని గడ్డం పట్టుకుని ముఖం ఇటు తిప్పింది, అటు తిప్పింది. తీరిగ్గా చూసింది. నుదురు, కళ్ళు, చెవి పక్కన పాత మచ్చ. అతను కళ్ళు దించలేదు.

"చూసినా," అన్నది పెళ్ళికూతురితో. తర్వాత తిరిగి వెళ్ళి తన చోట కూర్చుంది. "ఇంగ చదవండయ్యా."

అయ్యగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, కాగితం మొదటినుంచి మళ్ళీ చదివారు.